మరుపు నౌక ఎందుకు ఆగిపోయింది

“మరుపు నౌక” చూసినవాళ్ళు తక్కువే, కానీ చూసినవాళ్ళు దాన్ని ఇప్పటికీ వదల్లేదు. ఆ సీరియల్ అర్ధాంతరంగా ఆగిపోయి ఏళ్ళు గడిచినా, ఎందుకు ఆగిందని వాదించుకుంటూనే ఉంటారు. చానల్‌వాళ్ళకి బుర్ర లేదంటారు కొందరు. రాసినావిడకి చిక్కుముడి వెయ్యడమే వచ్చు, విప్పడం రాదు, అందుకే చేతులెత్తేసిందంటారు ఇంకొందరు. జరిగింది ఇది.

రాసినావిడ అంతకు ముందు పగలూ ప్రతీకారాల సీరియళ్ళకి మాటలు రాసేది. విలన్ చేత ఒకే బెదిరింపుని రకరకాలుగా పలికించీ పలికించీ విసుగెత్తి, చివరికి తను రాయాలనుకున్నది రాసింది. ఒక అంతరిక్ష నౌక ఎక్కడికో పోతూ ఉంటుంది. అందులోవాళ్ళు ఒకరినొకరు మెల్లమెల్లగా మరిచిపోతుంటారు. ఒక మనిషిని అందరూ మరిచిపోయిన రోజున ఆ మనిషి మాయమైపోతాడు. కుర్చీ ఉంటుంది, సగం తాగిన కప్పు ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. అందరినీ గుర్తుపెట్టుకున్నది ఒక్క పిల్ల. నౌకలో అందరూ ఆ పిల్లని దీపం అని పిలుస్తారు.

దీపం వేషం వేసింది రచయిత్రి అక్క కూతురే. ఇంట్లో దాన్ని పిచ్చుక అనేవారు. ఒక చోట నిలబడదు, నోరు మూయదు. సెట్లో అటూ ఇటూ గెంతుతూ లైట్ల వాళ్ళని ప్రశ్నలతో వేపుకు తినేది. కెమెరా ముందుకొస్తే మాత్రం పెద్ద కళ్ళు చేసుకుని అలా చూసేదంటే, చూసేవాళ్ళ ఒళ్ళు జలదరించేది. అక్క సిటీ బస్సు నడిపేది. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు సెట్లో పిచ్చుక పూచీ అంతా పిన్నిదే.

సెట్ అంటే ఊరి చివర ఒక పాత గిడ్డంగి. ప్లైవుడ్ గోడలకి వెండిరంగు పూసి నౌక చేశారు. షాట్ మొదలైతే ఫ్యాన్లు ఆపేసేవారు, అందరికీ చెమటలు. బట్టలు చూసే ఆయనకి ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూదులుండేవి, అందుకని ఆయన పేరే గుండుసూది అయింది. నౌక సిబ్బంది వేసుకునే నీలం కోట్లు ఆయన చేతి పనే.

ఒకసారి చానల్‌వాళ్ళు అభిమానుల్ని సెట్‌కి పిలిచారు. వచ్చినవాళ్ళలో ఒకావిడ నీలం కోటు వేసుకుని వచ్చింది. గుండుసూది దగ్గరికెళ్ళి ఆ కోటు అంచు తిప్పి చూసి, నోట్లో సూదులు తీసి మరీ అడిగాడు.

“అమ్మా, ఇది ఎక్కడ కొన్నారు?”

“నేనే కుట్టుకున్నానండీ. టీవీ ఆపి ఆపి చూసి.”

“నా కుట్టుకన్నా నీటుగా ఉంది. మా పనికి మనుషులు చాలట్లేదు. చేస్తారా?”

ఆమె సిగ్గుపడింది. అన్నయ్యా తనూ కలిసి టైలరింగ్ షాపు నడుపుతున్నామని చెప్పింది. తర్వాత గుండుసూది రెండు మూడుసార్లు ఆ షాపుకి వెళ్ళి కోట్లు కుట్టించుకొచ్చాడు కూడా. ఆమె నిదానమైన మనిషి, మాట మెత్తన. ఆ రోజు అందరూ హీరోతో ఫోటోలకి ఎగబడుతుంటే ఆమె మాత్రం దీపం గది ముందు నిలబడి ప్లైవుడ్ తలుపుని తడిమి చూస్తోంది.

“దీనికి లోపలి నుంచి గడియ లేదేమండీ?” అని రచయిత్రిని అడిగింది.

“ఉంటే కథ అయిపోతుంది కదండీ” అని నవ్వింది రచయిత్రి.

ఆమె నవ్వలేదు. “పాపం, ఎలా పడుకుంటుందో” అంది.

ఆ మాటకి రచయిత్రి మనసు కాస్త చివుక్కుమంది, కానీ పనిలో పడి మరిచిపోయింది. అభిమానులు చిత్రమైన ప్రశ్నలు అడగడం కొత్తేం కాదు. ఇంకో ఆయనైతే నౌకలో మురుగు ఎటు పోతుందని ఇంజనీరులా నిలదీశాడు.

తర్వాత కొన్ని వారాలకి ఒక ట్రైలర్ వచ్చింది. అందులో కెప్టెన్ దీపాన్ని ఎదురుగా పెట్టుకుని, “ఎవరీ పిల్ల?” అంటాడు. అంతే, తెర చీకటైపోతుంది. అది రచయిత్రికి చాలా నచ్చిన ఘట్టం. రాస్తున్నప్పుడు తనకే వెన్నులో చలి పుట్టింది. చూసేవాళ్ళకీ అలాగే ఉండాలని కోరుకుంది.

ట్రైలర్ వచ్చిన వారంలోనే, మధ్యాహ్నం భోజనాల విరామంలో, పిచ్చుక కనబడలేదు.

మొదట ఎవరూ కంగారుపడలేదు. ఏ పెట్టె వెనకో దాక్కుని ఉంటుందనుకున్నారు. రచయిత్రి “పిచ్చుకా, దొరికావంటే చెవి మెలేస్తా” అంటూ వెండిరంగు వరండాల్లో తిరిగింది. మేకప్ గదిలో తిన్న పళ్ళెం ఉంది, తాగని నీళ్ళ గ్లాసు ఉంది. కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉంది. ఆ కుర్చీని చూడగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. అచ్చం తను రాసే సీనులాగే ఉంది. మనిషి లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగింది.

“పాపా? ఇందాకే బయటికెళ్ళింది కదమ్మా, మన ఆవిడతో.”

“మన ఆవిడ ఎవరు?”

“నీలం కోటావిడ. ఇవాళ షూటింగ్ బయటంట కదా. పాప కూడా నవ్వుకుంటూ చెయ్యి పట్టుకునే వెళ్ళింది.” రచయిత్రి మొహం చూసి వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. “మన యూనిఫామే కదమ్మా… మన మనిషే అనుకున్నాను.”

ఆ రోజు బయట షూటింగ్ లేదు. నీలం కోట్ల వాళ్ళందరూ లోపల అన్నం తింటున్నారు.

ప్రొడక్షన్ మేనేజర్ పోలీసులకి ఫోన్ చెయ్యడానికి తటపటాయించాడు. ముందు చానల్‌లో ఒక మాట చెబుదామన్నాడు. రచయిత్రి అతని చేతిలో ఫోన్ లాక్కుని తనే చేసింది. అవతలి మనిషి పాప ఎత్తెంత, బట్టల రంగేంటని అడుగుతుంటే ముందు ఒక రంగు చెప్పి, వెంటనే ఇంకొకటి చెప్పింది. పక్కన గుండుసూది నిలబడి, “నీలం కోటు” అని రెండుసార్లు తనలో తనే అనుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“మేడమ్, మన కోట్లు అన్నీ లెక్కకి ఉన్నాయి. బయట ఉన్నది ఒక్కటే.”

అప్పుడు ఆమెకి తలుపు తడుముతున్న ఆ చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది.

షాపు దారి గుండుసూదికి తెలుసు. చిరునామా పోలీసులకి చెప్పి, ఆయన స్కూటరు మీద ఇద్దరూ బయల్దేరారు. దారి పొడుగునా ఎండ. జనం మామూలుగా పళ్ళు బేరమాడుతున్నారు, సిగ్నల్ దగ్గర ఎవరో ఫోన్లో పగలబడి నవ్వుతున్నారు. వాళ్ళందరినీ చూస్తుంటే రచయిత్రికి ఏడుపు కూడా రాలేదు. ఆ మనిషి ఏం చెయ్యబోతోందో తనకి తెలిసి ఉండాలి. ఆమె నమ్మినదంతా తను రాసిందే. కానీ తను ఏమేం రాసిందో ఎంత తవ్వుకున్నా ఒక్క ముక్క గుర్తు రావడం లేదు.

షాపులో ఆమె అన్నయ్య కటింగ్ బల్ల దగ్గర ఉన్నాడు. నడివయసు మనిషి, మెడలో టేపు. వీళ్ళని చూసి కత్తెర కింద పెట్టాడు.

“మీ చెల్లెలు ఎక్కడండీ?” అన్నాడు గుండుసూది.

“పైన. షూటింగ్ పాపని తీసుకొచ్చింది, చూపిస్తానని. ఏం, చెప్పి తీసుకురాలేదా?” అని ఆగాడు. మొహంలో రంగు మారింది. “మందులు వేసుకుంటున్నానంటే నమ్మానండీ. ఆదివారం నుంచీ గది గోడలకి వెండి రేకు అంటిస్తోంది. అభిమానం కదా, పోనీలే అనుకున్నాను. ఇందాక ఇస్త్రీపెట్టె రాజేసి పైకి పట్టుకెళ్ళింది. పైన ఇస్త్రీ చెయ్యడానికి బట్టలే లేవే…”

అప్పటికే పైకి ఎక్కుతున్న రచయిత్రి మెట్ల మీద ఆగిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది. వేడి ఉన్న చోటికి మరుపు రాదు. నాలుగో భాగంలో దీపం చెప్పే మాట. నౌకలోవాళ్ళు ఒక గదిలో దూరి, సందులన్నీ మూసేసి, నడుమ నిప్పు పెట్టుకుని ప్రాణాలు దక్కించుకుంటారు.

బొగ్గుల ఇస్త్రీపెట్టె. మూసేసిన గది.

పరుగెత్తింది. పైన తలుపు అంచులన్నిటికీ లోపలి నుంచి టేపు అంటించిన జాడ ఉంది. అయినా చెక్క సందుల్లోంచి కాలిన బొగ్గు వాసన వస్తోంది. గుండుసూది భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. “ఇనప కుట్టుమిషను అడ్డం పెట్టేసినట్టుంది, బీరువా కూడా” అన్నాడు అన్నయ్య. వరండా వైపు కిటికీకి ఎప్పుడో బయటి నుంచి పలకలు కొట్టేసిందట. అతను గునపం కోసం పక్కింటికి పరుగెత్తాడు. గుండుసూది కిటికీ వైపు వెళ్ళి పలకలు పట్టుకుని లాగుతున్నాడు.

“పిచ్చుకా!” అని అరిచింది రచయిత్రి.

“పిన్నీ?” లోపలి నుంచి సన్నగా వినిపించింది. “షూటింగ్ అయిపోయిందా? నాకు తలనొప్పిగా ఉంది.”

ఇంతలో ఆ ఆడమనిషి గొంతు, అదే మెత్తదనం, తలుపుకి బాగా దగ్గరగా.

“ఎవరు మీరు?”

“నేను… నేను కథ రాసేదాన్నండీ. మీరు సెట్‌కి వచ్చినప్పుడు మాట్లాడుకున్నాం.”

“పాపని ఎవరు గుర్తుపెట్టుకున్నారో వాళ్ళకే తలుపు తీస్తాను. కెప్టెన్ కూడా మరిచిపోయాడు. మీకేం గుర్తుందో చెప్పండి.”

అది కూడా సీరియల్లోదే. రచయిత్రి తడబడుతూ అందుకుంది. దీపం నౌకలో పుట్టిన మొదటి బిడ్డ అంది. దీపానికి వాళ్ళమ్మ పాట రాదు, రాగం మాత్రమే వచ్చు అంది.

“అది టీవీలో అందరూ విన్నదే” అంది లోపలి గొంతు, జాలిగా. “మరుపు కూడా విన్నది. మీకూ గుర్తు లేదన్నమాట.”

“ఉంది! ఉంది, ఆగండి.” ఆమె తలుపుకి నుదురు ఆనించింది. “దాన్ని పిచ్చుక అంటాం. బల్లిని గోడ మొసలి అంటుంది. నిద్రొస్తే ఎవరి చెవైనా పట్టుకోవాలి, లేకపోతే పడుకోదు. మా అక్క బస్సు యూనిఫాం వేసుకుంటుంటే చివరి బొత్తాం తనే పెట్టాలి. ఎడమ మోకాలు మీద మచ్చ ఉంది, సైకిలు మీంచి పడి…”

“పడలేదు పిన్నీ,” అంది పిచ్చుక ముద్దముద్దగా, “నేనే దూకాను.”

“అవునమ్మా, నువ్వే దూకావు. ఎక్కడినుంచి దూకావో చెప్పు.”

జవాబు లేదు.

“పిచ్చుకా, ఎక్కడినుంచి?”

లోపల చడీచప్పుడూ లేదు. అవతల కిటికీ వైపు గుండుసూది లాగుతున్న పలక కిర్రుమంటోంది.

“దాన్ని లేపండమ్మా. ఒక్కసారి కదపండి.”

“నిద్రపోయింది. వెచ్చగా ఉంది కదా. నాకూ నిద్ర వస్తోంది.” ఆ గొంతులో కూడా తడబాటు మొదలైంది. “ఇంక మమ్మల్ని ఎవరూ మరిచిపోరు.”

ఇంక కథలో మాటలు పనికిరావని రచయిత్రికి అర్థమైంది. కథలో ఏ మాట తీసినా అది ఆ తలుపుని ఇంకా గట్టిగా బిగిస్తుంది. గొంతు చించుకుని అరవాలనుంది, కానీ అరిస్తే ఆమె బెదిరిపోతుందేమో. బలవంతంగా మామూలు గొంతు తెచ్చుకుంది.

“వినండి. వేడి ఉన్న చోటికి మరుపు రాదని చెప్పింది నేనే. అది అబద్ధం. ఆ వారం కథ ముందుకి నడవక, కాఫీ తాగుతూ అనుకుని రాసేశాను. నాకేమీ తెలీదమ్మా. నౌక లేదు. ప్లైవుడ్ చెక్కలు, మీరు చేత్తో తడిమి చూశారు కూడా. మీ దగ్గరున్నది మా అక్క కూతురు. ఆ బొగ్గుల పొగ దాన్ని చంపేస్తోంది. మిమ్మల్ని కూడా.”

“అబద్ధమా?” అంది ఆమె చివరికి. ఆ ఒక్క మాటలో ఎంత దుఃఖముందో! “అయితే పాపని గుర్తుపెట్టుకునేదెవరు?”

“నేను. మా అక్క. మీరు కూడా. తలుపు తీస్తే ముగ్గురం ఉంటాం.”

లోపల నేల మీద ఇనుము గీసుకుంటున్న చప్పుడైంది. ఆగింది. మళ్ళీ గీసుకుంది. రచయిత్రి శక్తి కొద్దీ తోసింది. గుండుసూది కూడా పరుగున వచ్చి భుజం వేశాడు. చెయ్యి పట్టేంత సందు, తర్వాత మనిషి పట్టేంత సందు. లోపలి నుంచి వేడిగాలి మొహానికి కొట్టింది. గోడల నిండా వెండి రేకు, నడుమ ఇస్త్రీపెట్టె ఎర్రగా నోరు తెరుచుకుని ఉంది. పిచ్చుక దుప్పట్లో చుట్టి ఉంది, బుగ్గలు మరీ ఎర్రగా. నీలం కోటావిడ మిషను పక్కనే కూలబడి ఉంది.

రచయిత్రి పిల్లని ఎత్తుకుని మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. వీధిలో, ఎండలో, గట్టు మీద పడుకోబెట్టి బుగ్గలు తట్టింది. గునపంతో వస్తున్న అన్నయ్య అది చూసి చేతిలోది అక్కడే పడేసి పైకి పరుగెత్తాడు. గుండుసూదీ అతనూ కలిసి నీలం కోటావిడని మోసుకొచ్చారు. పోలీసు జీపు అప్పుడే సందు మలుపు తిరిగింది.

పిచ్చుక ముందు దగ్గింది, తర్వాత వాంతి చేసుకుంది, తర్వాత, “గోడ మీంచి దూకాను” అంది. రచయిత్రికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆస్పత్రికి అక్క బస్సు యూనిఫాంలోనే వచ్చింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న కూతుర్ని తల నుంచి కాలిదాకా తడిమి చూసుకుంది. చెల్లెల్ని ఏమీ అనలేదు. రచయిత్రే అడిగింది.

“తిట్టవే అక్కా.”

“ఏమని తిట్టను?” అంది అక్క. “నువ్వు భయపెట్టే కథలు రాస్తావని నాకు తెలుసు. రాత్రి నేనూ చూసి భయపడేదాన్ని, బాగుండేది. అది నిజమని ఎవరో ఒక్కత్తే కూర్చుని వణుకుతూ ఉంటుందని నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.” కూతురి దుప్పటి సర్దుతూ, “ఇది ఇంక అక్కడికి రాదు” అంది.

మర్నాడు చానల్ పెద్దాయన రచయిత్రిని పిలిపించాడు. వార్త ఇంకా బయటికి రాలేదు. ఆయన ముందు పాప ఎలా ఉందని అడిగాడు, నిజంగానే అడిగాడు. తర్వాత కుర్చీలో ముందుకి వంగాడు.

“ఇది బయటికొస్తే మన సీరియల్ గురించి మాట్లాడని ఇల్లు ఉండదు. ఆలోచించు. పాప రాకపోతే వేరే పిల్లని పెడదాం. దీపాన్ని అందరూ మరిచిపోయారు, కొత్త మొహంతో తిరిగొచ్చింది. ఎలా ఉంది?”

చాలా బాగుంది. అదే ఆమెని భయపెట్టింది. ఆయన నోట్లోంచి మాట వస్తూండగానే తర్వాతి సీను ఆమె బుర్రలో దానంతటదే కదలడం మొదలైంది. ఆ కొత్త పిల్ల మొహం కనిపించింది. ఆ వెనకే, ఎక్కడో ఇంకో గదిలో, సందులకి టేపు అంటిస్తున్న ఇంకెవరి చేతులో కూడా కనిపించాయి.

“ఆపేద్దామండీ” అంది.

“నువ్వు మానేస్తే ఇంకొకరు రాస్తారమ్మా.”

“రాయిస్తే నేను వెళ్ళి పేపర్లవాళ్ళకి చెబుతాను. కోటు వేసుకున్న ఎవరైనా సరే మీ గేటులోంచి పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకుపోవచ్చని చెబుతాను. మీ మేనేజరు పోలీసులకి ఫోన్ చెయ్యడానికి జంకాడని కూడా చెబుతాను.”

పెద్దాయన ఆమె చేతుల వైపు చూశాడు. “నీ చేతులు వణుకుతున్నాయి” అన్నాడు.

“వణుకుతున్నాయండీ. అయినా చెబుతాను.”

అలా కుదిరింది. ఆమె నోరు విప్పకూడదు, వాళ్ళు సీరియల్ ఆపేయాలి. ఆదరణ లేనందువల్ల నిలిపివేస్తున్నాం అని తెర మీద రెండు ముక్కలు వేశారు. “ఎవరీ పిల్ల?” అన్న భాగం ప్రసారమే కాలేదు.

టైలరు చెల్లెల్ని కోర్టు వైద్యానికి పంపింది. అక్క ఆమె మీద పగ పట్టలేదు. అలాగని క్షమించాననీ అనలేదు. అన్నయ్య ఒకసారి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. తన చెల్లెలు కుదుటపడుతోందని, పాప ఎలా ఉందో కనుక్కుని రమ్మందని చెప్పాడు. “బానే ఉందని చెప్పండి” అంది అక్క. లోపలికి రమ్మని మాత్రం పిలవలేకపోయింది.

సీరియల్ ఆగిపోయాక అభిమానులు చానల్ ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో చాలామంది నీలం కోట్లు కుట్టించుకుని వచ్చారు. రచయిత్రి చానల్ ఆఫీసు మేడ మీద కిటికీలోంచి వాళ్ళని చూసింది. ఒకప్పుడైతే సంతోషంతో కిందకి పరుగెత్తేది. ఆ రోజు పరదా లాగేసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. మంచి మనుషులే, అమాయకులే. కానీ వాళ్ళలో ఎవరు ఊరికే ఇష్టపడుతున్నారో, ఎవరు నమ్ముతున్నారో మొహం చూసి చెప్పలేకపోయింది. ఆ తర్వాత ఆమె కల్పన జోలికి పోలేదు. చేపలు, తేనెటీగలు, పాత వంతెనల మీద డాక్యుమెంటరీలకి వ్యాఖ్యానం రాసుకుంటోంది.

మొన్నామధ్య పిచ్చుకకి కళ్ళజోడు చేయించడానికి తీసుకెళ్ళింది. పిచ్చుక ఇప్పుడు పిన్నికన్నా పొడుగు. చూసినవాళ్ళెవరూ పోల్చలేరు. అద్దాల షాపతను రచయిత్రి పేరు విని కౌంటరు మీంచి తలెత్తాడు.

“మీరు… మరుపు నౌక రాశారు కదండీ? అయ్య బాబోయ్! నేను కాలేజీలో ఉండగా ఒక్క భాగం వదల్లేదు. ఎందుకండీ ఆపేశారు?”

“చూసేవాళ్ళు తక్కువండీ. అందుకే.”

“అంతేనా?”

“అంతే.”

అతను నిరాశగా నవ్వి, పిచ్చుక ముక్కు మీద ఫ్రేము సరిచేయడానికి చెయ్యి చాచాడు. పిచ్చుక మొహంలోకి పరీక్షగా చూశాడు. వృత్తిరీత్యా చూడాలి మరి. కొంచెం ఎక్కువసేపే చూశాడేమో.

“పిన్నీ,” అంది పిచ్చుక మెల్లగా, “చెయ్యి వదులు. నొప్పెడుతోంది.”